రిమోట్ సంకేతం రిసీవర్‌కు అందడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

నిన్నమొన్నటిదాకా మంచం మీద నుంచి నొక్కితే పనిచేసిన రిమోట్ ఇప్పుడు మూడు నాలుగు సార్లు నొక్కితేగానీ పనిచేయదు. కొన్నాళ్లకు లేచి గది మధ్యకు వచ్చి, చెయ్యి చాచి నొక్కాల్సి వస్తుంది. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, గేటు రిమోట్‌తో నడిచే ఏర్పాటు ఉన్నవాళ్లలో ఈ ఇబ్బంది పడనివారు తక్కువ. అందరూ ముందుగా చేసేది బ్యాటరీ మార్చడం. ఫలితం లేకపోతే రిమోట్ మార్చడం. అప్పటికీ కుదరకపోతే ఈ వైర్‌లెస్ వ్యవహారాలన్నీ ఇంతేనని వదిలేయడం.

వదిలేయకండి. ఇవి వెతికితే దొరికే లోపాలే. నేను చూసిన ఇళ్లలో చాలావరకు రిమోట్ బాగానే ఉంది. రిసీవర్ పక్కనే ఏదో ఒక విద్యుత్ పరికరం రేడియో గోల పుట్టిస్తుండటంతో, రిమోట్ పంపిన సంకేతం అందులో కలిసిపోయింది. నలుగురూ ఒకేసారి అరుస్తుంటే దూరం నుంచి పిలిచే గొంతు వినబడనట్టే ఇదీ. అందుకే ఇక్కడ బ్యాటరీ గురించి కొంచెమే, రిసీవర్ పరిసరాల గురించి ఎక్కువగా రాస్తున్నాను.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. రాత్రిపూట స్విచ్‌బోర్డు దాకా నడిచే పని లేకుండా దిండు పక్కన ఒక రిమోట్ పెట్టాం. పదిసార్లు నొక్కితే తొమ్మిదిసార్లు వెలిగే లైటు ఆమెకు పనికిరాదు, ఎందుకంటే వెలగని ఆ ఒక్కసారే ఆమె చీకట్లో అడుగు వేస్తుంది. నేను ఈ విషయాన్ని ఇంత పట్టుదలగా చూడటానికి కారణం అదే.

అసలు లోపం రేడియోలోనే ఉందా?

బటన్ నొక్కిన క్షణం నుంచి లైటు వెలిగే దాకా సంకేతం కొన్ని మజిలీలు దాటుతుంది. రిమోట్ నుంచి గాలిలోకి, గాలిలోంచి రిసీవర్‌కు, రిసీవర్ నుంచి హబ్ (ఆదేశాలు అందుకుని పరికరాలను నడిపే పెట్టె) లేదా కంప్యూటర్‌కు, అక్కడి నుంచి లైటును వెలిగించే రిలేకు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చుకు. చివరి మజిలీలో తెగినా మనకు కనిపించేది లైటు వెలగకపోవడమే. కాబట్టి ముందు ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి.

చాలా రిసీవర్ల మీద సంకేతం అందినప్పుడు మినుకుమనే చిన్న ఎల్ఈడీ ఉంటుంది. ఒకరు రిమోట్ నొక్కుతుంటే ఇంకొకరు ఆ ఎల్ఈడీ చూడండి. హబ్ ఉంటే దాని లాగ్ (అందిన ఆదేశాల చిట్టా) తెరిచి పెట్టుకోండి. నొక్కిన ప్రతిసారీ కోడ్ లాగ్‌లో పడుతూ, లైటు మాత్రం వెలగకపోతే మీ సమస్య రేడియో కాదు. రిలే అతుక్కుపోయి ఉండొచ్చు, హబ్‌లో రాసుకున్న నియమం తప్పి ఉండొచ్చు. యాంటెనా ఎంత సవరించినా అది బాగుపడదు.

1970ల నుంచి వాడుకలో ఉన్న ఎక్స్10 పద్ధతి ఇళ్లలో ఈ తేడా మరీ ముఖ్యం. అక్కడ రిమోట్ రేడియో ద్వారా గోడ ప్లగ్గులోని రిసీవర్ దాకానే వెళుతుంది. ఆ పైన రిసీవర్ అదే ఆదేశాన్ని ఇంటి కరెంటు తీగల మీద 120 కిలోహెర్ట్జ్ సంకేతంగా పంపుతుంది. తీగల మీద ఆ సంకేతాన్ని ఏ టీవీయో, కంప్యూటర్ అడాప్టరో మింగేస్తే, రేడియో ఎంత చక్కగా అందినా దీపం వెలగదు. రిసీవర్ ప్లగ్గులోనే ఒక రిలే ఉండే రకమైతే అది టిక్కుమంటుందో లేదో వినండి. టిక్కుమంటే రేడియో భాగం బాగుందని అర్థం.

ఇంకో సంగతి. మీ రిమోట్ రేడియోదో, ఇన్‌ఫ్రారెడ్‌దో తెలుసుకోండి. ముందు భాగంలో చిన్న పారదర్శకమైన బల్బు ఉండి, పరికరం వైపు చూపిస్తేనే పనిచేసేది ఇన్‌ఫ్రారెడ్. ఫోను ముందు కెమెరా ఎదుట పెట్టి నొక్కితే ఆ బల్బు ఊదారంగులో మెరుస్తూ కనిపిస్తుంది. ఈ వ్యాసం దాని గురించి కాదు. గోడల అవతల నుంచి కూడా పనిచేయాల్సిన రేడియో రిమోట్ల గురించి.

లెక్క రాసుకోండి

‘బాగా పనిచేస్తోంది’, ‘సరిగా పనిచేయడం లేదు’ అనే మాటలతో లోపం పట్టుకోలేం. ఇంట్లో మూడు నాలుగు చోట్లు ఎంచుకోండి. మంచం, వంటగది గుమ్మం, వీధి తలుపు, రోజూ కూర్చునే కుర్చీ. ఒక్కో చోట నిలబడి పదిసార్లు నొక్కండి. ప్రతిసారీ బటన్‌ను ఒక సెకను పాటు అదిమి పట్టి, వదిలి, మూడు సెకన్లు ఆగాలి. రిమోట్ ఒక్క నొక్కుకు అదే కోడ్‌ను పలుమార్లు పంపుతుంది. చాలా రిసీవర్లు కనీసం రెండుసార్లు ఒకేలా వినబడితేగానీ నమ్మవు. తటాలున నొక్కి వదిలేస్తే లెక్క తప్పుతుంది.

ఎన్నిసార్లు అందిందో కాగితం మీద రాయండి. ఇదే పరీక్ష ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి దీపాలు పెట్టాక చేయండి. ఈ రెండు అంకెల మధ్య తేడా ఉంటే సగం సమాధానం అక్కడే దొరికినట్టు. గోడలు మధ్యాహ్నం ఎంత మందమో రాత్రీ అంతే. రాత్రికి మారేది ఇంట్లో వెలిగే, నడిచే పరికరాలే.

ఆ తర్వాత ఒక మార్పు, ఒక పరీక్ష. బ్యాటరీ మార్చి, రిసీవర్ జరిపి, యాంటెనా తిప్పి, మూడూ ఒకేసారి చేస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. నెల తర్వాత మళ్లీ చెడితే మళ్లీ మొదటికే వస్తారు.

రిమోట్ వైపు చూడాల్సినవి

సీఆర్2032 బటన్ సెల్‌ను బయటికి తీసి మల్టీమీటర్‌తో చూస్తే 2.9 వోల్టులు కనిపించి, బాగానే ఉందనిపిస్తుంది. అది సగం నిజం. ఈ సెల్ అరిగేకొద్దీ దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజి నిలబడుతుంది గానీ, రిమోట్ ప్రసారం చేయడానికి ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు జారిపోతుంది. కాబట్టి సెల్‌ను రిమోట్‌లోనే ఉంచి, వెనక మూత తీసి, బటన్ నొక్కి పట్టుకుని కొలవండి. నొక్కినప్పుడు 2.5 వోల్టుల కిందికి పడితే మార్చేయండి. 12 వోల్టుల 23ఏ రకం సన్న బ్యాటరీ ఉంటే అదే పద్ధతి, 10 వోల్టుల కిందికి వస్తే మార్చడం మేలు. ఆ చిన్న గొట్టంలో ఎనిమిది బుల్లి సెల్స్ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటిలో ఒకటి పోయినా మొత్తం కుంగుతుంది.

సెల్ తాకే రేకుల మీద పచ్చటి పొర గానీ, తెల్లటి పొడి గానీ ఉంటే స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడవండి. ఒకే ఒక్క బటన్ మొండికేసి మిగతావి పనిచేస్తుంటే అది రేడియో సమస్య కాదు, ఆ బటన్ కింది నల్లటి కార్బన్ ముక్క అరిగింది.

పట్టుకునే తీరు కూడా చూడండి. రిమోట్ లోపల యాంటెనా సాధారణంగా బోర్డు అంచున గీసిన రాగి గీతే. సరిగ్గా అక్కడే పిడికిలి బిగిస్తే శరీరం కొంత శక్తిని పీల్చుకుంటుంది. బోర్డు చూస్తే ఆ గీత ఏ అంచున ఉందో తెలుస్తుంది. ఆ అంచును వేళ్ల బయటికి ఉంచి పట్టుకుంటే కొన్ని ఇళ్లలో సమస్య అక్కడితో తీరుతుంది.

పరీక్షించేటప్పుడు రిమోట్‌ను రిసీవర్‌కు ఆనించి నొక్కకండి. మరీ దగ్గర్లో సంకేతం ఎక్కువై చవక రిసీవర్లు తబ్బిబ్బవుతాయి. అక్కడ పనిచేయకపోతే అంతా చెడిపోయిందనుకుంటాం. రెండు మూడు మీటర్ల దూరం సరైనది. ఆ దూరంలో పదికి పదీ అంది, మంచం దగ్గర నాలుగే అందుతుంటే రిమోట్‌ను పక్కన పెట్టి రిసీవర్ దగ్గరికి వెళ్లండి.

రిసీవర్ చుట్టూ ఏమున్నాయి?

ఇక్కడ ఓపికగా ఉండాలి. ఎక్కువ కేసులు ఇక్కడే తేలతాయి.

మా అమ్మ రిమోట్ గురించి ఆమె చెప్పిన మాటే నాకు దారి చూపించింది. “పగలు బాగానే పలుకుతుంది, చీకటి పడితేనే మొండికేస్తుంది” అంది. నేను చేసిన పని ఇది. రిసీవర్‌ను గోడ ప్లగ్గు నుంచి తీసి పవర్ బ్యాంకుతో నడిపాను. ఐదు వోల్టులతో నడిచే రిసీవర్ కాబట్టి అది కుదిరింది. తర్వాత ఇంటి ఎంసీబీలు (మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకు ఉండే స్విచ్చులు) ఒక్కొక్కటే కిందికి దించుతూ, ప్రతిసారీ అమ్మను మంచం మీద నుంచి రిమోట్ నొక్కమన్నాను. వంటగది లైను ఆపినా తేడా లేదు. ముందు గది లైను ఆపినా తేడా లేదు. నడవా దీపాల లైను ఆపగానే నొక్కిన ప్రతిసారీ రిసీవర్ మీది ఎల్ఈడీ మెరిసింది. ఆ లైను మీద ఉన్నవి మూడు దీపాలు. ఎంసీబీ మళ్లీ ఎక్కించి, స్విచ్చులతో ఒక్కొక్కటీ ఆర్పితే చివరి దీపం దగ్గర తేలింది. పైకప్పులో అమర్చిన ఎల్ఈడీ దీపం అది. దాన్ని నడిపే డ్రైవర్ డబ్బా పైకప్పు పలక వెనకే ఉంది, దానికి జానెడు దూరంలో రిసీవర్ ఉంది. దీపం మార్చాక రాత్రి లెక్క, పగటి లెక్క సమానమయ్యాయి.

ఎల్ఈడీ డ్రైవర్లు, ఫోను చార్జర్లు, లాప్‌టాప్ అడాప్టర్లు, ఇన్వర్టర్లు అన్నీ కరెంటును సెకనుకు వేలాది సార్లు తుంచి వోల్టేజిని మారుస్తాయి. ఆ తుంచడంలో పుట్టే రేడియో గోలను లోపలి ఫిల్టర్ అణచాలి. ఖర్చు తగ్గించుకోవడానికి ఫిల్టర్ వదిలేసిన పరికరాలు ఆ గోలను గాలిలోకీ, తీగల్లోకీ వదులుతాయి. ఏది గోల చేస్తోందో బయటి నుంచి చూస్తే తెలియదు. కాబట్టి దాన్ని పట్టుకోవడానికి ఒక్కో లైనూ ఆపి చూసే ఎంసీబీ పరీక్షకు మించింది నాకు తెలియదు. చేసే ముందు కంప్యూటర్లను పద్ధతిగా ఆపండి, ఇంట్లో ఎవరైనా వైద్య పరికరాలు వాడుతుంటే ఆ లైను ముట్టుకోకండి. హబ్ కూడా గోడ కరెంటు మీదే ఉంటే లైట్లు వెలగడం చూడలేరు గానీ, రిసీవర్ ఎల్ఈడీని చూడవచ్చు, అది చాలు.

పవర్ బ్యాంకు మీద పెట్టగానే, ఏ ఎంసీబీ దించకముందే రిసీవర్ బాగుపడితే దోషి దాని సొంత అడాప్టరే. ఇది తరచూ జరిగేదే. మంచి అడాప్టర్ మార్చండి. సొంతంగా బోర్డు కట్టుకున్నవాళ్లయితే రిసీవర్ మాడ్యూల్ పవర్ కాళ్ల దగ్గరే 100 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఒక్కొక్కటి అడ్డంగా పెడితే తేడా కనిపిస్తుంది. తీగ పొడవునా వచ్చే గోలకు దాని మీద బిగించే ఫెరైట్ క్లిప్పు కొంత సాయపడుతుంది.

చేతిలో పాత ఏఎం ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే స్టేషన్ లేని చోట పెట్టి అనుమానం ఉన్న పరికరాల దగ్గరికి తీసుకెళ్లండి. బర్రుమని మోగితే అది గోల చేసే పరికరమే. అయితే ఆ రేడియో వినేది తక్కువ పౌనఃపున్యాలను కాబట్టి, మోగినంత మాత్రాన చాలా రిమోట్లు వాడే 433 మెగాహెర్ట్జ్ దగ్గరా గోల ఉందని తేల్చేయకూడదు. అనుమానితుల పట్టిక తయారు చేసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఖచ్చితంగా చూడాలంటే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగుల్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో రిసీవర్) ఉంది. టీవీ చూడటానికి తయారైన ఆర్‌టీఎల్2832యూ చిప్ అందులో ఉంటుంది, కంప్యూటర్‌కు తగిలిస్తే రేడియో తరంగాలను తెర మీద జలపాతంలా చూపిస్తుంది. రిమోట్ నొక్కినప్పుడు 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నటి గీతలు పడతాయి. గోల ఉంటే తెర అడుగంతా వెలుగుతుంది. ఒక్కసారి కళ్లతో చూస్తే ఊహలకు చోటుండదు. సాధారణంగా దొరికే డాంగుల్ సుమారు 1700 మెగాహెర్ట్జ్ దాకానే వింటుంది కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ వ్యవస్థలకు ఇది పనికిరాదు.

గోల అనేది ఎప్పుడూ అడాప్టర్ల నుంచే రాదు. ఒక స్నేహితుడి ఇంట్లో రిమోట్లన్నీ ఒకేరోజు మూగబోయాయి. గేటుది, ఫ్యాన్లది, లైట్లది, అన్నీ. కొత్త బ్యాటరీలు వేసినా అంతే. అన్నీ ఒకేసారి పోయాయంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, గాలి. అదే పౌనఃపున్యంలో ఏదో ఒకటి ఆపకుండా ప్రసారం చేస్తోందని అర్థం. గదులన్నీ వెతికితే, మేజా సొరుగులో పుస్తకం కింద పడి ఉన్న పాత రిమోట్ దొరికింది. పుస్తకం అట్ట అంచు బటన్ మీద పడి, దాని ఎర్ర దీపం సొరుగు చీకట్లో వెలుగుతూనే ఉంది. కొన్ని రిమోట్లు కొన్ని సెకన్ల తర్వాత తమంతట తామే ఆగుతాయి, చవకవి బ్యాటరీ చచ్చేదాకా ప్రసారం చేస్తూనే ఉంటాయి. ‘రెండు రోజులు ఏదీ పనిచేయలేదు, తర్వాత దానంతట అదే బాగైంది’ అని ఎవరైనా చెబితే నేను ముందు సోఫా దిండ్ల కిందా, సొరుగుల్లోనూ వెతకమంటాను. బాగైంది బ్యాటరీ అయిపోవడం వల్ల. అందులో మళ్లీ బ్యాటరీ వేసిన రోజున కథ మొదలవుతుంది.

వైర్‌లెస్ కాలింగ్ బెల్లు, బయటి ఉష్ణోగ్రత చూపే వాతావరణ సెన్సార్లు కూడా చాలాచోట్ల ఇదే 433 మెగాహెర్ట్జ్ వాడతాయి. అవి క్షణకాలం పలికి ఆగుతాయి కాబట్టి అప్పుడప్పుడూ ఒక నొక్కు తప్పిపోవడానికి కారణం కాగలవు గానీ, గంటల తరబడి అడ్డుపడవు.

2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లయితే

జిగ్‌బీ అనేది స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, రిమోట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రేడియో పద్ధతి. ఆ రిమోట్లు వాడేవారికి శత్రువులు వేరు. మొదటిది వైఫై. జిగ్‌బీకి 11 నుంచి 26 దాకా చానెళ్లు ఉన్నాయి. వైఫై 1వ చానెల్ మీద ఉంటే జిగ్‌బీ 11-14 మీద పడుతుంది, 6వ చానెల్ 16-19 మీద, 11వ చానెల్ 21-24 మీద. మధ్యలో మిగిలే ఖాళీలు 15, 20, 25, 26. వీటిలో 26ను కొన్ని పరికరాలు అంగీకరించవు. జిగ్‌బీ చానెల్ మార్చితే బ్యాటరీ రిమోట్లను మళ్లీ జత చేయాల్సి రావచ్చు. అంతకంటే వైఫై రౌటర్‌నే 1, 6, 11లలో మీ జిగ్‌బీకి దూరమైన చానెల్‌లో స్థిరంగా పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించడం తేలిక. ‘ఆటో’లో వదిలేస్తే రౌటర్ ఏ రాత్రో చానెల్ మార్చేస్తుంది, పొద్దున్నే రిమోట్ ఎందుకు పలకడం లేదో మీకు తెలియదు.

రెండోది యూఎస్‌బీ 3. కంప్యూటర్‌కు తగిలించే జిగ్‌బీ డాంగుల్ పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కు ఉంటే రిసెప్షన్ కుప్పకూలుతుంది. యూఎస్‌బీ 3 డేటా నడిచే వేగం వల్ల సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ గోల పుడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక సాంకేతిక పత్రంలో వివరించింది. పరిష్కారం చాలా తేలిక. ఒక మీటరు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని డాంగుల్‌ను కంప్యూటర్ నుంచి దూరంగా పెట్టండి. డాంగుల్ వాడే ప్రతి ఇంట్లో, సమస్య ఉన్నా లేకపోయినా ఈ కేబుల్ ఉండాలన్నది నా అభిప్రాయం.

మూడోది మనుషుల అలవాటు. జిగ్‌బీలో ఎప్పుడూ కరెంటు మీద ఉండే బల్బులు, ప్లగ్గులు చాలావరకు సంకేతాన్ని అందుకుని ముందుకు పంపుతాయి. బ్యాటరీ పరికరాలు పంపవు. నడవాలోని స్మార్ట్ బల్బును ఎవరో గోడ స్విచ్చుతో ఆర్పేస్తే, దాని మీదుగా వెళ్లే పడకగది రిమోట్ తెగిపోతుంది. అలాంటి బల్బుల స్విచ్చులను ఎప్పుడూ వేసే ఉంచాలి. లేదా దారిలో ఒక స్మార్ట్ ప్లగ్గు పెట్టి, రిమోట్‌ను దాని ద్వారా మళ్లీ జత చేయాలి.

యాంటెనా

చేయి పెట్టే ముందు ఒక హెచ్చరిక. గోడ స్విచ్‌బోర్డు లోపల అమర్చే చిన్న రిసీవర్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వాటి బోర్డంతా మెయిన్స్ కరెంటుకు కలిసే ఉంటుంది, బయటికి వేలాడే యాంటెనా తీగతో సహా. ఆ తీగ తోలు ఒలిచినా, దానికి ఇంకో తీగ అతికినా షాకు కొడుతుంది. అలాంటి వాటిని కరెంటు ఆపకుండా తెరవకండి, యాంటెనాను అసలు మార్చకండి. కింద రాసేదంతా విడిగా అడాప్టర్ మీద నడిచే తక్కువ వోల్టేజి రిసీవర్లకే.

యాంటెనా పొడవు పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. 7500ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే పావు తరంగదైర్ఘ్యం సెంటీమీటర్లలో వస్తుంది. 433.92కు 17.3, 315కు 23.8, 868కి 8.6. మాడ్యూల్ మీద యాంటెనా అని రాసి ఉన్న చోట అంత పొడవు ఒంటి తీగను సోల్డర్ చేసి నిటారుగా నిలపండి. పొడవెక్కువైతే ఇంకా బాగా వినబడుతుందని మీటరు తీగ తగిలించినవాళ్లను చూశాను. అది గోలను కూడా ఎక్కువ పట్టి తెస్తుంది. తీగను మడిచి డబ్బాలో కుక్కడం, లోహపు పెట్టెలో పెట్టడం, కరెంటు తీగలతో కలిపి కట్టడం, ఈ మూడూ దాని శక్తిని చంపేస్తాయి.

స్థలం విషయానికొస్తే, రిసీవర్‌ను ఇనప బీరువా వెనక, ఫ్రిజ్ పైన, అద్దం వెనక, చేపల తొట్టి పక్కన పెట్టకూడదు. లోహం, అద్దం వెనక వెండి పూత, నీరు తరంగాలను ఆపుతాయి లేదా పీల్చుకుంటాయి. ఇనుప చువ్వలున్న కాంక్రీటు గోడ మామూలు ఇటుక గోడ కంటే ఎక్కువ అడ్డుపడుతుంది. తలుపు సందు వైపు, ఎత్తులో ఉంటే మేలు.

కొన్నిసార్లు అన్నీ సరిగా ఉన్నా ఒకే ఒక్క చోట, ఉదాహరణకు సరిగ్గా కుర్చీ దగ్గర మాత్రమే రిమోట్ పలకదు. అడుగు పక్కకు జరిగితే పలుకుతుంది. గోడల మీద పడి తిరిగొచ్చిన తరంగాలు నేరుగా వచ్చినదాన్ని అక్కడ రద్దు చేస్తున్నాయి. ఈ మూగ చోట్లు పావు తరంగదైర్ఘ్యం లెక్కన మారుతుంటాయి కాబట్టి 433 మెగాహెర్ట్జ్‌లో రిసీవర్‌ను ఒక జానెడు జరిపితే చాలు, మూగ చోటు ఎవరూ కూర్చోని మూలకు పోతుంది. ఇల్లంతా తిరిగి కొత్త స్థలం వెతకక్కర్లేదు. జరిపాక మళ్లీ అన్ని చోట్ల నుంచీ పదేసి సార్లు నొక్కి చూసుకోండి, కుర్చీ దగ్గర బాగై మంచం దగ్గర చెడిందేమో తెలియాలి.

యాంటెనా నిటారుగా ఉండి రిమోట్‌ను అడ్డంగా పట్టుకుంటే కూడా బలం తగ్గుతుంది. ఇంటి లోపల తరంగాలు అటూ ఇటూ తగిలి వస్తాయి కాబట్టి మరీ అంత నష్టం ఉండదు గానీ, అంచున ఉన్న చోట అది కూడా లెక్కకొస్తుంది. యాంటెనాను కొంచెం వాల్చి చూడండి.

రిమోట్ శక్తి పెంచే సర్క్యూట్లు కట్టాలని కొందరికి కోరిక. వద్దు. చాలా దేశాల్లో లైసెన్సు లేకుండా ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చో పరిమితి ఉంది, పైగా మీ పెద్ద గొంతు పక్కింటివాళ్ల రిమోట్లకు గోల అవుతుంది. అదే శ్రద్ధ రిసీవర్ మీద పెట్టండి. చవక మాడ్యూళ్లలో సూపర్‌రీజనరేటివ్ రకం ఉంటుంది, సంకేతం లేనప్పుడు కూడా అర్థంలేని పల్సులు కక్కుతూ, వేడికీ చలికీ కొంచెం పక్కకు జరుగుతుంది. దాన్ని తీసి క్రిస్టల్ ఉన్న సూపర్‌హెటిరొడైన్ రకం పెడితే, వేరే ఏ మార్పూ లేకుండానే దూరం స్పష్టంగా పెరుగుతుంది. 433 మెగాహెర్ట్జ్ రిసీవర్ల మీద డబ్బు పెట్టేటట్టయితే ముందు దీని మీదే పెట్టమంటాను.

రిమోట్‌ను మరిచిపోయిన గేటు

గేటు, షట్టరు రిమోట్లలో చాలావరకు నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది. రిమోట్ ఒక లెక్క, రిసీవర్ ఒక లెక్క ఉంచుకుంటాయి. పిల్లలు దూరంగా ఎక్కడో కూర్చుని ఆడుతూ నొక్కితే రిమోట్ లెక్క ముందుకు పోతుంది, రిసీవర్ లెక్క అక్కడే ఉంటుంది. విస్తృతంగా వాడే కీలాక్ పద్ధతిలో తేడా 16 లోపు ఉంటే రిసీవర్ వెంటనే ఒప్పుకుంటుంది. అంతకు మించితే వరుసగా రెండుసార్లు నొక్కితే లెక్క సరిచేసుకుంటుంది. కాబట్టి మొదటి నొక్కుకు పలకకుండా రెండో నొక్కుకు పలికి, ఆ తర్వాత మామూలైతే కంగారు పడక్కర్లేదు. అప్పటికీ పలకకపోతే మాన్యువల్ చూసి మళ్లీ జత చేయండి.

రెండో రిసీవర్ పెట్టాల్సి వస్తే

ఇల్లు పెద్దదై, మధ్యలో కాంక్రీటు గోడలుంటే ఒక్క రిసీవర్‌తో అన్ని మూలలూ అందవు. గోల తగ్గించి, యాంటెనా సరిచేసి, స్థలం మార్చినా ఒక చోట లెక్క పదికి ఏడు దాటకపోతే రెండో రిసీవర్ పెట్టడమే దారి. దాన్ని మొదటిదానికి దూరంగా, బలహీనమైన చోటికి దగ్గరగా పెట్టండి. అయితే మధ్యలో నిలబడి నొక్కినప్పుడు రెండూ వింటాయి, హబ్‌కు ఒకే ఆదేశం రెండుసార్లు అందుతుంది. ‘వెలిగించు’, ‘ఆర్పు’ అని వేర్వేరు బటన్లుంటే నష్టం లేదు. ఒకే బటన్‌తో వెలిగించి ఆర్పే ఏర్పాటైతే దీపం వెలిగి వెంటనే ఆరిపోతుంది, చూసేవారికి అసలు సంకేతమే అందలేదనిపిస్తుంది. హబ్‌లో అర సెకను లోపు వచ్చే అదే కోడ్‌ను పట్టించుకోవద్దని ఒక నియమం రాయండి. దీపం అదిరినట్టు మెరిసి ఆరితే ఆ గడువును ఒక సెకనుకు పెంచండి.